ముత్తాతల కథలో ఎవరెవరు ఉండాలి? చెరోకీల ఊళ్లో మాకు తట్టిన సంగతులు

మూడేళ్ల కిందట మా ఇలవేల్పు కొలుపుకి చుట్టాలందరూ ఊరు చేరారు. కోయంబత్తూరు, బెంగళూరు, చెన్నై నుంచే కాదు, సముద్రం అవతల నుంచి కూడా వచ్చారు. ఆ సందర్భంగా మేం ఒక చిన్న పుస్తకం అచ్చేయించి ఇంటికొకటి పంచాం. ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో తమిళం. మా వాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, తెలుగు చదవగలిగినవాళ్లు తక్కువ. బడి చదువంతా తమిళంలోనే అయిపోయింది కదా.

అందులో రాసింది మా పెద్దల వలస కథ. తుంగభద్ర దాటి, రాత్రిళ్లు నడిచి, పగలు పొదల్లో దాక్కుని, చివరికి సాత్తూరు పక్క నల్లరేగడి నేలకి ఎలా చేరారో, అడవి కొట్టి ఊరు ఎలా కట్టారో రాశాం. అవ్వలు చెప్పిన ముక్కలు కొన్ని, మేం అల్లిన ముక్కలు కొన్ని. రాజు మనుషులు తరుముకొస్తుంటే ఏటి ఒడ్డున కానుగ చెట్టు వంగి దారి ఇచ్చిందని మన దక్షిణాది తెలుగు ఇళ్లల్లో చాలామంది చెప్పుకుంటారు, అదీ పెట్టాం. సంకలో బిడ్డతో ఏరు దాటిన ముత్తవ్వకి మాటలు రాశాం, ఏడుపు రాశాం. చదివినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మేమూ మురిసిపోయాం.

తర్వాత రెండు సంగతులు జరిగాయి. మా ఇంటి పిల్లవాడు ఒకడు బడిలో చరిత్ర వ్యాసం రాస్తూ, ముత్తవ్వ అన్న మాటలని ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాశాడు. "ఇది నీకెట్లా తెలుసు?" అని టీచరమ్మ అడిగితే, "పుస్తకంలో ఉంది" అన్నాడు. ఆ మాటలు ఒక రాత్రి మేం కూర్చుని కల్పించినవి.

రెండోది ఇంకా గట్టిగా తగిలింది. మా పొలాల్లో తరతరాలుగా పనిచేసిన వీధి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. మనవడి చేత తమిళం పేజీలన్నీ చదివించుకుందట. "పెద్ద బాయి మీ తాత తవ్వినట్టు రాసినారే సామీ. మా తాత వాళ్లు కదా తవ్వింది?" అని అడిగి, మజ్జిగ తాగి వెళ్లిపోయింది. మా దగ్గర జవాబు లేదు.

పోయిన వేసవిలో మా చిన్నమ్మ కొడుకు ఉంటున్న నార్త్ కరోలినాకి వెళ్లాం. వాడు మమ్మల్ని పొగమంచు కొండలు చూపిస్తానని చెరోకీ అనే ఊరికి తీసుకెళ్లాడు. చుట్టపుచూపుగా వెళ్లిన మాకు మా పుస్తకం గొడవే అక్కడ ఇంకా పెద్ద ఎత్తున ఎదురైంది. తిరిగొచ్చాక దాని గురించి దొరికినంత చదివాం. పూర్వీకుల కథ రాసేవాళ్లకి, రాయాలనుకునేవాళ్లకి పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాం.

ముందు చరిత్ర కొంచెం

చెరోకీలు అపలాచియన్ కొండల దక్షిణ భాగంలో, ఇప్పటి నార్త్ కరోలినా, టెనెసీ, జార్జియా, అలబామా రాష్ట్రాల్లో ఊళ్లు కట్టుకుని వ్యవసాయం చేసుకున్న జాతి. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి వాళ్ల ముఖ్యమైన పంటలు. వాళ్లకి ఏడు వంశాలు: తోడేలు, జింక, పక్షి, రంగు, పొడుగుజుట్టు, అడవిదుంప, నీలం. మనకి ఇంటిపేరు నాయన వైపు నుంచి వస్తే, వాళ్లకి వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. తల్లిది ఏ వంశమో బిడ్డదీ అదే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుకి పోయేకొద్దీ దీని బరువు తెలుస్తుంది.

1821 నాటికి సెకోయా అనే ఆయన తన భాషకి సొంతంగా లిపి చేశాడు. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. వేరేవాళ్లు కాగితం మీద మాట దాచుకుంటున్నారు, మనమెందుకు దాచుకోకూడదు అని ఏళ్ల తరబడి కూర్చుని 85 గుర్తులకి తెచ్చాడు. మన క, కి, కు లాగా ఒక్కో పలుకుకి ఒక్కో గుర్తు. కాకపోతే మనకి క కీ కి కీ పోలిక ఉంటుంది, అక్కడ ప్రతిదీ వేరే బొమ్మే. కొద్ది ఏళ్లలోనే జాతిలో చాలామంది చదవడం రాయడం నేర్చారు. 1827లో రాజ్యాంగం రాసుకున్నారు. 1828 ఫిబ్రవరిలో న్యూ ఎకోటా అనే తమ రాజధాని నుంచి 'చెరోకీ ఫీనిక్స్' అనే పత్రిక తెచ్చారు, రెండు భాషల్లో, రెండు లిపుల్లో. నోట్లో తెలుగు ఉండి చేతికి తెలుగు రాని మా ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లకి, ఆ ఊళ్లో వీధి పేర్ల పలకల మీద ఇంగ్లీషు పక్కనే సెకోయా అక్షరాలు కనిపిస్తే ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇంత చేసినా భూమి నిలవలేదు. 1830లో అమెరికా ప్రభుత్వం ఆదివాసులని మిసిసిపీ నదికి పడమరకి పంపే చట్టం చేసింది. జార్జియా రాష్ట్రం 1832లో చెరోకీల భూములని లాటరీ వేసి తెల్లవాళ్లకి పంచింది. అదే ఏడాది, చెరోకీల భూమి మీద జార్జియా చట్టం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినా అమలు కాలేదు. 1835 డిసెంబరులో కొద్దిమంది నాయకులు న్యూ ఎకోటాలో ఒప్పందం మీద సంతకం పెట్టేశారు. పెద్ద నాయకుడు జాన్ రాస్ ఒప్పుకోలేదు, 15 వేలకు పైగా పేర్లతో మాకిది వద్దని అర్జీ వెళ్లింది. అయినా సెనేట్ ఒకే ఒక్క ఓటు ఆధిక్యంతో ఆ ఒప్పందాన్ని ఖాయం చేసేసింది. 1838 మే నెలలో జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ కింద పటాలం వచ్చి, ఇళ్లల్లో ఉన్నవాళ్లని ఉన్నట్టే పట్టుకుని దడుల్లో పెట్టింది. సుమారు 16 వేల మందిని వెయ్యి మైళ్ల దాకా, ఇప్పటి ఓక్లహోమాకి తోలారు. ఆ చలికాలం కొన్ని గుంపులు మంచుగడ్డలు కట్టిన మిసిసిపీ దాటలేక గట్టు మీదే వారాల తరబడి ఆగిపోయాయి. దడుల్లో, దారిలో, చేరిన కొత్తల్లో చనిపోయినవాళ్లు నాలుగు వేలమంది ఉంటారని సాధారణంగా చెప్పే అంచనా. దీన్నే కన్నీళ్ల దారి అంటారు.

కొద్దిమంది మాత్రం కొండల్లో మిగిలిపోయారు. మేం వెళ్లిన ఊరు వాళ్ల వారసులది. ఇప్పుడు చెరోకీలకి ప్రభుత్వం గుర్తించిన మూడు పాలనలున్నాయి, రెండు ఓక్లహోమాలో, ఒకటి ఈ నార్త్ కరోలినా కొండల్లో.

సాలీ కథ: ఇంటి మాటా, పటాలం కాగితమూ

ఆ ఊరి కొండ పక్కన ఆరుబయట రంగస్థలం ఉంది. 1950 నుంచి వేసవుల్లో అక్కడ ఒక నాటకం ఆడుతున్నారు. అందులో కంటతడి పెట్టించే ఘట్టం సాలీ అనే రైతుది. జనం చెప్పుకునే కథ ఇది: పటాలం వాళ్లు సాలీ కుటుంబాన్ని తోలుకుపోతూ ఆయన భార్యని తుపాకీ మొనతో పొడిచారు. సాలీ తిరగబడ్డాడు, సిపాయిలు చచ్చారు, కుటుంబం కొండల్లోకి పారిపోయింది. "నువ్వు లొంగిపోతే కొండల్లో దాక్కున్న మిగతావాళ్లని వదిలేస్తాం" అని కబురొచ్చింది. సాలీ తనంతట తాను దిగివచ్చి ప్రాణం ఇచ్చాడు. అందుకే ఇవాళ ఇక్కడ చెరోకీలు ఉన్నారు.

పటాలం నివేదికలు వేరేగా చెబుతాయి. 1838 నవంబరు మొదట్లో ఇద్దరు సిపాయిలు చచ్చిన మాట నిజం. కానీ సాలీ లొంగిపోలేదు, దొరికాడు. పట్టుకున్నది కూడా కొండల్లోనే ఉన్న వేరే చెరోకీ గుంపు మనుషులు. నవంబరు 25న కాల్చి చంపినదీ వాళ్లే. దానికి బదులుగా ఆ గుంపుకి అక్కడే ఉండిపోయే వీలు దొరికింది. ఇక అప్పటికే క్వాలా ప్రాంతంలో స్థిరపడిన చెరోకీలు, విలియం హాలండ్ థామస్ అనే తెల్ల వర్తకుడి పలుకుబడితో, పాత ఒప్పందాల ఆధారంతో, సాలీ సంగతితో పని లేకుండానే ఉండిపోయే ఏర్పాటు చేసుకుని ఉన్నారు.

మరి త్యాగం కథ ఎక్కడిది? 1880ల చివర్లో జేమ్స్ మూనీ అనే పరిశోధకుడు ఆ కొండల్లో తిరిగి పెద్దవాళ్లు చెప్పినవన్నీ రాసుకున్నాడు. ఆయన పుస్తకం 1900లో వచ్చింది. ఆయనకి సాలీ కథ చెప్పినవాళ్లలో సాలీ చిన్నకొడుకు కూడా ఉన్నాడు. చిన్నపిల్లవాడని కాల్చకుండా వదిలేస్తే మిగిలినవాడు. తండ్రి చావు చూసి యాభై ఏళ్లు బతికిన మనిషి మాట అది. దాన్ని "పుక్కిటి పురాణం" అని తోసేయడం మా వల్ల కాదు. అట్లాగే పటాలం కాగితాన్ని వేదం అనుకోలేం. ఆ నివేదిక రాసింది తన పై అధికారికి లెక్క చెప్పుకోవాల్సిన అధికారి.

కానీ ఒక్కటి గమనించాం. త్యాగం కథలో ఒక వైపు చెరోకీలు, ఒక వైపు పటాలం, అంతే. కాగితంలో మాత్రం చెరోకీ మీద చెరోకీ తుపాకీ ఎత్తాల్సి వచ్చిన రోజు ఉంది. తమ పిల్లల్ని ఆ నేల మీద నిలుపుకోవడానికి సొంతవాళ్లని చంపిన మనుషులున్నారు. మనసుకి ఇంపుగా కుదిరిన కథలోంచి ముందు జారిపోయింది వాళ్లే. ఆ నాటకాన్ని 2006లో చెరోకీల ప్రమేయంతో కొత్తగా రాయించారు కూడా. అర్ధశతాబ్దం పైగా ఆడిన కథనైనా తిరగరాయొచ్చన్నమాట. అది మాకు ధైర్యమిచ్చింది.

తెల్ల గులాబీ

జార్జియా రాష్ట్ర పుష్పం పేరు చెరోకీ గులాబీ. కన్నీళ్ల దారిలో తల్లుల కన్నీళ్లు పడిన చోటల్లా ఈ తెల్ల పువ్వు పూసిందని, మధ్యలోని పసుపు వాళ్ల దగ్గర దోచుకున్న బంగారమని, ఏడు ఆకులు ఏడు వంశాలని కథ చెబుతారు. పువ్వు అందంగానే ఉంటుంది. కానీ ఆ మొక్క పుట్టిల్లు చైనా. దాన్ని 1916లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది, చెరోకీల భూమిని లాటరీ వేసి పంచిన అదే జార్జియా.

మా కానుగ చెట్టు గుర్తొచ్చింది. చెట్టు వంగిందని చెప్పుకోవడంలో తప్పేం లేదు, అవ్వ చెప్పిన మాట అవ్వ చెప్పినట్టే ఉండనీ. కానీ చెట్టు వంగి దారిచ్చాక కథ అయిపోయిందనిపిస్తుంది చూడండి, అక్కడ జాగ్రత్తపడాలి. దాటి వచ్చిన నేల మీద అప్పటికే ఎవరున్నారు, అడవి ఎవరి చేత కొట్టించాం అనే ప్రశ్నలు ఆ చెట్టు నీడలో పడి కనిపించకుండా పోతాయి.

"మా అవ్వ చెరోకీ"

అమెరికాలో తెల్లవాళ్ల ఇళ్లల్లో, నల్లవాళ్ల ఇళ్లల్లో కూడా తరచూ వినిపించే మాట ఇది. మా ముత్తవ్వ చెరోకీ అట, కొందరైతే చెరోకీ యువరాణి అట. చెరోకీలకి రాజులూ లేరు, యువరాణులూ లేరు. 2020 జనాభా లెక్కల్లో తమలో చెరోకీ అంశ ఉందని రాయించుకున్నవాళ్లు 15 లక్షలు దాటారు. మూడు పాలనల పౌరులని కలిపినా అందులో మూడో వంతు చుట్టూ వస్తారు.

ఇది ఇవాళ పుట్టింది కాదు. 1906లో ఒక కోర్టు తూర్పు చెరోకీల వారసులకి ప్రభుత్వం సొమ్ము చెల్లించాలని చెప్పింది. ఎవరెవరికి చెల్లాలో తేల్చే పని గయన్ మిల్లర్ అనే అధికారికి అప్పగించారు. దాదాపు 46 వేల దరఖాస్తులొచ్చాయి. వాటిలో పేర్లున్నవాళ్లు సుమారు 90 వేలమంది. నీ తల్లిదండ్రులెవరు, తాతలెవరు, 1851లో వాళ్లెక్కడున్నారు అని ప్రశ్నలు. చివరికి అర్హులుగా తేలింది 30 వేలకు కాస్త పైన. మిగిలినవాళ్లందరూ అబద్ధాలాడారని కాదు. చాలామంది తమ ఇంట్లో విన్నదే నమ్మకంగా రాశారు. తాత చెప్పాడు, తాతకి ఎవరో చెప్పారు. ఇంటి కథ ఒక్కోసారి ఎంత నమ్మకంగా తప్పు చెబుతుందో చూడాలంటే ఆ దరఖాస్తుల కట్టలే సాక్ష్యం. నిజమైన చెరోకీ కుటుంబాల జ్ఞాపకాలు కూడా అవే కట్టల్లో దొరుకుతాయి. అందుకే నవలలు రాసేవాళ్లూ వంశవృక్షాలు గీసేవాళ్లూ ఇప్పటికీ వాటిని తిరగేస్తూనే ఉన్నారు.

కథకి మార్కెట్ దొరికితే ఏమవుతుందో చూడండి. 1976లో 'ద ఎడ్యుకేషన్ ఆఫ్ లిటిల్ ట్రీ' అనే పుస్తకం వచ్చింది. అవ్వాతాతల దగ్గర కొండల్లో పెరిగిన చెరోకీ అనాథ పిల్లవాడి ఆత్మకథ అని అమ్మారు. ఒక విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1986లో మళ్లీ వేస్తే లక్షల్లో చదివారు, బడుల్లో పాఠంగా పెట్టారు. రాసిన ఫారెస్ట్ కార్టర్ అసలు పేరు ఏసా కార్టర్. అలబామా గవర్నర్ జార్జ్ వాలస్‌కి, నల్లవాళ్లని వేరుగా ఉంచాలనే ప్రసంగాలు రాసిపెట్టినవాడు, కూ క్లక్స్ క్లాన్ మనిషి. 1991లో ఆ సంగతి మళ్లీ గట్టిగా బయటపడ్డాక, న్యూయార్క్ టైమ్స్ ఆ పుస్తకాన్ని నిజగాథల పట్టీలోంచి తీసి కల్పనల పట్టీలో వేసింది.

పట్టీ మారితే సరిపోతుందా? సరిపోదని మాకనిపించింది. నవల అని చెప్పి అమ్మినా ఆ పుస్తకంలోని చెరోకీ అవ్వాతాతలు చెరోకీల నుంచి రాలేదు. చదివేవాళ్లు చెరోకీలు ఎట్లా ఉండాలని కోరుకున్నారో అట్లా ఉన్నారు. మంచివాళ్లు, ఓర్పుగలవాళ్లు, అడవి రహస్యాలు తెలిసినవాళ్లు, ఎవరినీ ఏదీ తిరిగి అడగనివాళ్లు.

దారి నడిచిన మిగతావాళ్లు

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి మాకు రెండు వారాలు పట్టింది.

1835లో చెరోకీల జనాభా లెక్క తీశారు. చెరోకీలు 16,542 మంది. పెళ్లి సంబంధంతో కలిసిన తెల్లవాళ్లు 201 మంది. నల్ల బానిసలు 1,592 మంది. అవును, చెరోకీల్లో కలిగినవాళ్లకి బానిసలుండేవాళ్లు. జార్జియాలో 1804లో జేమ్స్ వాన్ అనే చెరోకీ కట్టిన పెద్ద ఇటుకల మేడ ఇప్పటికీ నిలబడి ఉంది. దాని చుట్టూ పొలాల్లో పనిచేసింది బానిసలే. 1838లో తోలుకుపోయినప్పుడు బానిసలు కూడా నడిచారు. దారి పొడుగునా కట్టెలు కొట్టిందీ, వంట చేసిందీ, రోగులని చూసిందీ చాలా చోట్ల వాళ్లే. కన్నీళ్ల దారిలో వాళ్ల కన్నీళ్లూ ఉన్నాయి. ఎన్నో ఏళ్లు ఆ కథల్లో వాళ్లు మాత్రం లేరు.

షూ బూట్స్ అనే చెరోకీ యోధుడి సంగతి ఉంది. డాల్ అనే బానిస స్త్రీతో ఆయనకి పిల్లలు పుట్టారు. మొదట్లో గుర్తుపెట్టుకోమన్నామే, వంశం తల్లి నుంచి వస్తుందని. తల్లికి చెరోకీ వంశం లేదు కాబట్టి ఆ పిల్లలకీ వంశం లేదు. తండ్రి ఎంత పేరున్నవాడైనా చట్టం లెక్కలో వాళ్లు ఆయన ఆస్తే. తాను చనిపోతే పిల్లలని ఎవరైనా అమ్మేస్తారని భయపడి 1824లో ఆయన చెరోకీ సభకి అర్జీ పెట్టుకున్నాడు. సభ ముగ్గురు పిల్లలకి స్వేచ్ఛ ఇచ్చింది. ఇక మీదట ఇట్లాంటి పిల్లలని కనొద్దని కూడా చెప్పింది. డాల్ గురించి ఆ అర్జీ ఏమీ అడగలేదు.

ఈ కుటుంబం చరిత్రని టైయా మైల్స్ అనే చరిత్రకారిణి 2005లో పుస్తకంగా రాశారు. వాన్ మేడ గురించి 2010లో ఇంకో చరిత్ర పుస్తకం రాశారు. ఆ తర్వాత 2015లో అదే నేల మీద 'ద చెరోకీ రోజ్' అనే నవల రాశారు. ముగ్గురు ఆడవాళ్లు ఒక పాత చెరోకీ తోట బంగళాకి వచ్చి, అక్కడ బతికినవాళ్ల సంగతి తెలుసుకోవడం అందులో కథ. ఆవిడ వరస చూడండి. ముందు కాగితాలు తిరగేశారు, దొరికినంతా చరిత్రగా రాశారు. చదవడం రాయడం రానివ్వని మనుషుల మనసులో ఏముందో కాగితం చెప్పదు కదా, అక్కడ నవల మొదలుపెట్టారు. ఆ రెండింటికీ వేర్వేరు అట్టలు వేశారు.

ఈ గొడవ పాత కాలంతో తీరిపోలేదు. అంతర్యుద్ధం తర్వాత 1866 ఒప్పందంలో, విడుదలైన బానిసలకీ వాళ్ల సంతతికీ చెరోకీ పౌరుల హక్కులన్నీ ఉంటాయని రాసుకున్నారు. 2007లో చెరోకీ నేషన్ ఓటు పెట్టి, రక్తసంబంధం లేదని వాళ్లని తీసేసింది. పదేళ్ల వ్యాజ్యం తర్వాత 2017లో ఫెడరల్ కోర్టు ఒప్పందం చెల్లుతుందని తీర్పిచ్చింది. 2021లో చెరోకీ నేషన్ సుప్రీంకోర్టే తమ రాజ్యాంగంలోంచి "రక్తం చేత" అనే మాటని కొట్టేసింది. తమ నేల పోగొట్టుకుని అన్యాయమైపోయిన జాతి, తాము చేసిన అన్యాయాన్ని తమ కోర్టులోనే ఒప్పుకుని దిద్దుకుంది. ఇది చదివిన రాత్రి మాకు బావి గురించి అడిగిన పెద్దావిడే కళ్ల ముందు మెదిలింది.

తమ కథ తాము రాసుకున్నవాళ్లు

చెరోకీలు రాసుకున్న చారిత్రక నవలలు చాలానే ఉన్నాయి. రాబర్ట్ కాన్లీ 1992లో కన్నీళ్ల దారి మీద 'మౌంటెన్ విండ్‌సాంగ్' రాశాడు. అందులో ఒక ప్రేమకథ నడుస్తుంటే మధ్యలో అసలు ఒప్పందాలు, ఉత్తరాలు వంటి పత్రాలని ఉన్నవి ఉన్నట్టు పెట్టాడు. కల్పన ఎక్కడిదాకా, కాగితం ఎక్కడ మొదలు అనేది చదివేవాడికి తెలిసిపోతుంది. మార్గరెట్ వర్బల్ 2015లో 'మాడ్స్ లైన్' రాశారు, మరుసటి ఏడాది పులిట్జర్ తుది జాబితా దాకా వెళ్లింది. 1928 నాటి ఓక్లహోమాలో, తన కుటుంబానికి వాటాగా వచ్చిన భూమి మీదే కథ నడిపారు. అందులో చెరోకీలు దేవతలూ కాదు, బాధితుల బొమ్మలూ కాదు. అప్పులు చేస్తారు, తగాదాలు పడతారు, తప్పులు చేసి దాస్తారు. యానెట్ సానూకీ క్లాప్‌సాడిల్ 2020లో 'ఈవెన్ యాజ్ వి బ్రీద్' రాశారు. మేం చూసిన ఊరి పౌరురాలు ఆవిడ. 1942లో యాష్‌విల్ హోటల్లో పనికి కుదిరిన చెరోకీ కుర్రవాడి కథ అది.

వీళ్లకీ లిటిల్ ట్రీకీ తేడా రక్తంలో ఉందని మేం అనుకోవడం లేదు. వీళ్లు రాసింది వీళ్ల మేనత్తలూ పెదనాన్నలూ చదువుతారు. "మీ అవ్వ అట్లా అనలేదే" అని చావిట్లో కూర్చోబెట్టి అడిగేవాళ్లుంటారు. జవాబు చెప్పుకోవాల్సిన చోట కూర్చుని రాశారు. ఏసా కార్టర్‌ని అడిగే మేనత్త ఎవరూ లేరు.

మా ఇంటికి తిరిగొచ్చాక

మనవాళ్లలోనూ ఇట్లాంటి పని చేసినాయన ఉన్నారు. కోవిల్‌పట్టి పక్క ఇడైసేవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు, మన వలస కథని 'గోపల్ల గ్రామం' అని తమిళంలో నవలగా రాశారు. అదీ 1976లోనే వచ్చింది, లిటిల్ ట్రీ వచ్చిన ఏడాది. దాని కొనసాగింపుకి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన నవల అనే చెప్పి నవల రాశారు. అవ్వ చెప్పిన కథని ఒక అవ్వ నోటే చెప్పించారు. మేం అదే సరుకు తీసుకుని "మా వంశ చరిత్ర" అని అట్ట మీద వేశాం. తేడా అక్కడే వచ్చింది.

అందుకని ఆ పుస్తకాన్ని మళ్లీ వేస్తున్నాం. అట్ట మీద "కథ" అని ఉంటుంది. లోపల మూడు రకాల అక్షరాలు వాడుతున్నాం. అవ్వలూ తాతలూ చెప్పింది ఒక రకం, ఎవరు ఎప్పుడు చెప్పారో పక్కనే ఉంటుంది. పట్టాలో, శిస్తు రసీదులో, గుడి శాసనంలో దొరికింది ఇంకో రకం. మేం కల్పించింది వాలు అక్షరాల్లో. ముత్తవ్వ ఏటి ఒడ్డున అన్న మాటలన్నీ వాలిపోయాయి. బడికి వెళ్లే మా పిల్లవాడే కూర్చుని అక్షరాలు మార్చాడు.

మా పెదనాయనకి ఇది నచ్చలేదు. "ఇంటి గుట్టు ఊళ్లో పెడతారా, మన తాతల పరువు ఏం కావాలి?" అని కోప్పడ్డారు. ఆయన బాధ మాకు అర్థమైంది. తాతలు కష్టపడలేదని మేం అనడం లేదు. వాళ్లు ఎండలో నడిచి వచ్చిన మాట నిజం, ఆ నేలని నమ్ముకుని ఎన్ని కరువులు ఓర్చుకున్నారో అదీ నిజం. వాళ్ల పక్కన ఇంకో మనిషిని నిలబెడితే వాళ్ల కష్టం తగ్గిపోదని ఆయనకి చెప్పాం. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, మొన్న బావి కట్టిన రాళ్లు ఏ గుట్ట నుంచి తెచ్చారో ఆయనే గుర్తుచేసుకుని చెప్పారు.

ఆ పెద్దావిడ ఇంటికి ఈసారి మేమే వెళ్లాం. బావి సంగతి చెప్పమని అడిగాం, చెప్పింది రాసుకుని మళ్లీ చదివి వినిపించాం, పుస్తకంలో వేయొచ్చా అని అడిగాం. వేయమంది. బావి తవ్వింది నలుగురట. తన తాత పేరు, ఆయన తమ్ముడి పేరు చెప్పింది. మిగతా ఇద్దరిలో ఒకాయన తవ్వుతుండగా మట్టి విరిగిపడి పోయాడట. వాళ్ల పేర్లు ఆవిడకీ తెలియవు.

ఆ రెండు పేర్లు కల్పించడం మాకు పెద్ద పని కాదు. రెండు నిమిషాలు చాలు. కానీ ఆ చోట రెండు గీతలు గీసి ఖాళీగా వదిలాం. ఈ పేజీ చదివేవాళ్లలో సాత్తూరు, కోవిల్‌పట్టి వైపువాళ్లు ఉంటే మీ ఇళ్లల్లో పెద్దవాళ్లని ఒకసారి అడగండి. పేర్లు దొరికితే మాకు చెప్పండి. అచ్చుకి వెళ్లేలోగా దొరికితే సంతోషం. దొరక్కపోతే ఖాళీగానే అచ్చేస్తాం.